నెత్తుటి మూటల ఉద్యోగం

నా పేరు మార్తమ్మ. మాది హిందూపురం పక్కన పరిగి దగ్గర ఒక పల్లె. ముప్పై ఏళ్లకు పైగా పోలీసు శాఖలో పనిచేసి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. అందులో ఎక్కువ ఏళ్లు నేను చేసిన పని ఒకటే. నేరం జరిగిన చోట దొరికిన నెత్తురు, వెంట్రుకలు, పళ్లు, ఎముకలు, మరకలు పడిన బట్టలు ఎత్తడం, ఆరబెట్టడం, కట్టి సీలు వేయించడం, కోర్టు ద్వారా ల్యాబుకు తీసుకుపోయి ఇచ్చి రసీదు తెచ్చుకోవడం.

ఈ పని నేను అడిగి తీసుకోలేదు. ఎవరూ ముందుకు రాకపోతే స్టేషన్లో రాతపని చూసే మా రైటరు నా పేరు రాశాడు. "మార్తమ్మకైతే మొగుడూ పిల్లలూ లేరు. రెండు దినాలు ఊర్లో లేకున్నా అడిగేవాళ్లు ఉండరు" అన్నాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఉన్న మాటే అన్నాడు. ఆ ఒక్క కారణంతో నా జీవితం ఈ దారిలో పోయింది.

ఇప్పుడు క్లూస్ టీంలలో సైన్సు చదివిన పిల్లలు చేరుతున్నారు. వాళ్లకు నాకంటే ఎన్నో రెట్లు తెలుసు. అయినా చదువులో చెప్పనివి కొన్ని ఉంటాయి కాబట్టి ఇది రాస్తున్నాను. నేను హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కలే తిరిగాను. ఏ సంగతి ఏ స్టేషన్లో జరిగిందో రాయను. మనుషుల పేర్లు కూడా మార్చాను.

తడి చొక్కా

నేను ఈ పనిలోకి వచ్చిన మొదటి ఎండాకాలం. ఒక పల్లెలో లక్ష్మిదేవి అనే ఆమెను పొలం గట్టు తగాదాలో చంపేశారు. ఆమె మరిది మీద అనుమానం. మేం పోయిన గంటలోపే గడ్డివామి వెనకాల అతని చొక్కా దొరికింది. ఇంకా తడిగానే ఉంది.

దాన్ని ఎట్లా ఎత్తాలో నాకెవరూ చెప్పలేదు. పట్టుకుని నిలబడితే మా ఎస్ఐ, "జీపు సీటు గలీజవుతుంది, దేంట్లోనైనా పెట్టు" అన్నాడు. ఆ ఇంట్లోనే బట్టల షాపు ప్లాస్టిక్ కవరు ఒకటి కనిపించింది. చొక్కాను మడిచి అందులో పెట్టి, మూతి గట్టిగా ముడేశాను. గాలి కూడా చొరబడకుండా కట్టానని నాకు తృప్తి. దాని మీద గుడ్డ చుట్టి, లక్క సీలు వేసి, సాక్షులుగా పిలిచిన పంచాయితీదార్లతో సంతకాలు పెట్టించాం.

తర్వాత అది స్టేషన్ బీరువాలో పన్నెండు రోజులు ఉంది. కాగితాలు తయారు కావడానికి కొన్ని రోజులు, కోర్టు సెలవులు కొన్ని రోజులు. బయట ఎండ ఎట్లా ఉండేదో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ ఇనప బీరువా తలుపు ముట్టుకుంటే చెయ్యి కాలేది.

అప్పట్లో ల్యాబంటే హైదరాబాదే. నేను మూట తీసుకుపోయి కౌంటర్ మీద పెట్టాను. అక్కడ సీళ్లు సరిచూసే పెద్దాయన ఒకరు ఉండేవారు. జుట్టంతా నెరిసింది, కళ్లద్దాలకు తాడు. మూటను దగ్గరికి లాక్కోగానే ఆయన చెయ్యి ఆగిపోయింది. సీలు విప్పకముందే వాసన వస్తోంది.

"తడిగా ఉండగానే కట్టారా అమ్మా?"

"అవును సార్."

"లోపల ప్లాస్టిక్కా?"

"అవును సార్. గాలి తగలకుండా కట్టినాను."

ఆయన కోప్పడలేదు. "మీ ఇంట్లో తడి బట్టలు ఇట్లా కవర్లో ముడేసి పన్నెండు రోజులు పెడతారా? బూజు పడుతుంది కదా. నెత్తురూ అంతే. లోపల పురుగులాంటివి పుట్టి దాన్ని తినేస్తాయి. మేము చూసే సరికి ఏమీ మిగలదు" అన్నారు. తర్వాత సొరుగులోంచి ఒక గోధుమ రంగు కాగితం కవరు తీసి నా చేతిలో పెట్టారు. "నీడలో ఆరబెట్టాలి. ఎండలో వద్దు, ఫ్యాను కింద కూడా వద్దు. కింద శుభ్రమైన కాగితం పరచాలి. పూర్తిగా ఆరాక కాగితం కవర్లో పెట్టాలి. ఒక్కో వస్తువుకు ఒక్కో కవరు. ఇంతే అమ్మా మీ పని. ఇది జరక్కపోతే మా పని లేదు."

నేను బయటికొచ్చి ఆ ల్యాబు మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను.

రిపోర్టు వచ్చింది. మరక రక్తానిదే కానీ మనిషిదో కాదో, ఎవరిదో చెప్పలేనంతగా పాడైపోయిందని రాశారు. కేసులో వేరే గట్టి సాక్ష్యం లేదు. కోర్టు కొట్టేసింది. తీర్పు రోజు లక్ష్మిదేవి అక్క యశోదమ్మ కోర్టు వరండాలో నన్ను పట్టుకుంది.

"ఏమ్మా, ఆ చొక్కా ఉండాది కదా?"

"ఉండాదక్కా. దాంట్లో ఏమీ తేల్లేదంట."

"నా చెల్లెలి నెత్తురు గదమ్మా అది. నేను చూస్తినే. ఎట్ల తేల్లేదు?"

నా దగ్గర జవాబు ఉంది. చెప్పలేదు. ల్యాబులో ఏం చేస్తారో నాకేం తెలుసని తప్పించుకుని వచ్చేశాను.

ఆ మరిది చంపాడో లేదో నాకు ఈ రోజుకూ తెలీదు. తెలిసే దారిని నేనే మూసేశాను. మా ఎస్ఐ మరుసటి ఏడాది బదిలీ అయిపోయాడు. కవరు సంగతి ఏ విచారణలోనూ రాలేదు. ఎవరూ అడగలేదు, ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేదని చాలా ఏళ్లు అనిపించింది. తప్పు చేసినట్టు నీకొక్కదానికే తెలిసినప్పుడు, దాన్ని దింపుకోవడానికి చోటుండదు.

ఏడు చిల్లుల కంబళి

నల్లమాడ వైపు బోరు షెడ్డు దగ్గర ఒక ముసలాయనను బండరాయితో కొట్టి చంపారు. ముందు రోజే ఆయనకూ ఓబులేసు అనే గొర్రెల కాపరికీ గొడవైంది, గొర్రెలు సెనక్కాయ చేలో పడ్డాయని. ఓబులేసును తెస్తే అతని కంబళి నిండా నెత్తుటి మరకలు. మా కొత్త ఎస్ఐకి పని అయిపోయినట్టే అనిపించింది.

"సార్, నిన్న పొద్దున గొర్రె ఈనింది. పిల్ల అడ్డం తిరిగింటే నేనే లాగినా. ఆ నెత్తురు సార్ ఇది" అంటాడు ఓబులేసు.

"అందరి ఇండ్లల్లోనూ నిన్ననే గొర్రె ఈనుతుంది లేప్పా" అని ఎస్ఐ నవ్వాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అతని మాట నేను కూడా నమ్మలేదు. ఇది దాచిపెట్టి నన్ను మంచిదాన్నిగా చూపించుకోవడం నాకిష్టం లేదు.

కానీ అప్పటికి నాకు పని వచ్చు. స్టేషన్ వెనక వరండాలో కాగితాలు పరిచి కంబళిని ఆరేశాను. కుక్కలు రాకుండా, దుమ్ము లేవకుండా రెండు పగళ్లు దాని పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. వాసనకు ఎవరూ అటు వచ్చేవాళ్లు కాదు. టీ కూడా తలుపు దగ్గర పెట్టి పోయేవాళ్లు. మరకలు లెక్కపెడితే ఏడు. ఒక్కొక్కదాని చుట్టూ సుద్దతో గీత గీసి నంబరు వేశాను.

ఎస్ఐ వచ్చి చూశాడు. "ఒక మరక కత్తిరించి పంపితే చాలదా?"

"ఏడు ఉండాయి సార్. ఒకటి గొర్రెది, ఇంకోటి మనిషిది కావచ్చు. మొత్తం కంబళి పంపుదాం."

"నువ్వేమన్నా డాక్టరా?"

"కాదు సార్. ఇంతకుముందు ఒకటి పాడు చేసినదాన్ని."

ఆయన నా మొహం వైపు ఒకసారి చూసి, సరే రాయి అని వెళ్లిపోయాడు. ఎన్నో ఏళ్లలో ఆ తప్పు గురించి నేను నోరు తెరిచింది ఆ రోజే.

నాలుగు నెలలకు రిపోర్టు వచ్చింది. ఏడు మరకలూ గొర్రెవే. బండరాయి మీద మాత్రం ముసలాయన నెత్తురు, దాంతోపాటు రాయి పట్టుకున్నప్పుడు చెయ్యి కోసుకున్న ఇంకొకరి నెత్తురు ఉన్నాయి. ఆ ఇంకొకరు ఓబులేసు కాదు. తర్వాత ఆ ముసలాయన దగ్గరి బంధువే దొరికాడు.

ఓబులేసు నాలుగు నెలలు జైల్లో ఉన్నాడు. ఇంటి దగ్గర చూసేవాళ్లు లేక మంద చెదిరిపోయింది. కొన్ని రోగమొచ్చి చచ్చాయి, కొన్ని ఎవరి మందలోనో కలిసిపోయాయి. కేసు ముగిశాక కోర్టు అనుమతితో కంబళి తీసుకోవడానికి వచ్చాడు. ల్యాబులో పరీక్ష కోసం మరకలు కత్తిరించారు కాబట్టి దానికి ఏడు చిల్లులు. అతను దాన్ని ఎత్తి వెలుతురుకు పట్టుకుని చూశాడు.

"ఇంత చేసి మీరు కనుక్కున్నది నేను ఆ పొద్దు చెప్పిందే గదమ్మా."

"అవునప్పా."

"అప్పుడే వినింటే కంబళన్నా మిగిలుండేది."

మడిచి చంకలో పెట్టుకుని పోయాడు. స్టేషన్లో నన్ను మెచ్చుకున్నారు, ఒక అమాయకుడిని కాపాడావని. నాకు మాత్రం అతను కంబళి ఎత్తి పట్టుకున్నప్పుడు ఆ చిల్లుల్లోంచి కనిపించిన వరండా గుర్తొచ్చేది. మన పని బాగా చేసినా నష్టం మొత్తం పూడదు. ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లు దీన్ని ముందే తెలుసుకుంటే మంచిది.

పైవాళ్లూ, ఇంట్లోవాళ్లూ

అధికారుల గురించి ఒక మాట. ఘటనా స్థలంలో మేం గీసిన గీత దాటకుండా బయట నిలబడి, "మార్తమ్మా, నీ పని అయినాక పిలువు" అనే సీఐ ఒకాయన కింద రెండేళ్లు పనిచేశాను. ఆ రెండేళ్లలో మా మూట ఒక్కటి కూడా పనికిరాదని ల్యాబు నుంచి తిరిగి రాలేదు. ఇంకొకాయన పదిమందిని వెంటేసుకుని వచ్చి, చుట్టూ తిరిగి చూసి, ఆ పక్కనే ఉన్న తొట్టి నీళ్లతో చేతులు కడుక్కున్నాడు. ఆ నీళ్లు పారి గుమ్మం ముందున్న అడుగుజాడలు, నెత్తుటి చుక్కలు కొట్టుకుపోయాయి. పై అధికారికి చెప్పలేక నేను నోరు మూసుకున్నాను. మీరు మూసుకోవద్దు. మర్యాదగానే చెప్పండి, కానీ చెప్పండి.

పల్లెల్లో శవాన్ని తీయగానే ఇల్లు కడిగి అలికేస్తారు. ఏదో దాచడానికే చేశారని కొత్తవాళ్లు అరుస్తారు. చాలాసార్లు అందులో దాపరికం ఏమీ ఉండదు. చుట్టాలొస్తారు, ఆ మరక వాళ్ల కంట్లో పడకూడదు, అంతే. ముందే ఆ ఇంటి పెద్దావిడను పక్కన కూర్చోబెట్టుకుని, "ఒక్క గంట ఆగవ్వా, ఇది మీ మనిషి కోసమే" అంటే ఆగుతారు.

ఇక మీ సొంత ఇంటి సంగతి. మా చెల్లెలికి బిడ్డ పుట్టినప్పుడు చూడ్డానికి పోయాను. డ్యూటీకి పోయి రెండు రోజులైంది, తలంటు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని పోయాను. బిడ్డను ఎత్తుకోబోతే మా చెల్లెలి అత్త మెల్లగా పక్కకు తీసుకుంది. "పసిబిడ్డ గదమ్మా, నువ్వేమో అవన్నీ ముట్టుకుంటావు" అంది. నా చెల్లెలు దుప్పటి సర్దుకుంటూ ఉండిపోయింది. ఆ తర్వాత నేను శుభకార్యాలకు పోవడం తగ్గించాను. మెల్లమెల్లగా పిలుపులు కూడా తగ్గాయి. హిందూపురంలో ఒక గది తీసుకుని అక్కడే ఉండిపోయాను. పనిలో జరిగింది ఎవరికీ చెప్పకూడదు. చెప్పకుండా చెప్పకుండా చివరికి మాట్లాడటానికి వేరే సంగతులు కూడా మిగల్లేదు.

ఇంకొకటి కూడా ఉంది. రిపోర్టు ల్యాబు నుంచి కోర్టుకు పోతుంది. మూట మోసుకుపోయిన మనిషికి ఎవరూ కబురు చెప్పరు. నేను మోసిన వాటిలో సగానికి పైగా చివరికి ఏమయ్యాయో నాకు తెలీదు.

నారాయణమ్మ కొడుకు

తెలిసిన ఒకదాని గురించి రాసి ముగిస్తాను.

కొత్తచెరువు దగ్గరి పల్లెలో నారాయణమ్మ అని ఒకామె. నా ఈడుదే. మొగుడు లేడు. ఒక్కడే కొడుకు, పేరు రాజు. బోర్లు వేసే లారీ మీద పనికి పోయేవాడు. ఒకసారి పనికి పోయి తిరిగి రాలేదు. లారీలో ఉన్న ఇద్దరిని అడిగితే, "హిందూపురం బస్టాండులో దిగినాడు, బెంగళూరుకు పోతానన్నాడు" అన్నారు. పది నెలల తర్వాత పెనుకొండ వైపు పాడుబడిన రాతి క్వారీ గుంతలో మేకలు మేపేవాళ్లకు ఎముకలు, ఒక చెప్పు కనిపించాయి. అది రాజే అని మాకు అనుమానం. కానీ రుజువు లేకపోతే ఆ ఇద్దరి మాటే నిలుస్తుంది, రాజు బెంగళూరులో ఉన్నట్టే.

ఆసుపత్రిలో డాక్టరు పరీక్ష కోసం తొడ ఎముక, రెండు పళ్లు వేరు చేశాడు. అక్కడి సహాయకుడు అలవాటు కొద్దీ వాటిని ఫార్మలిన్ సీసాలో వేయబోయాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ మందులో పడితే ఎముక చెడకుండా ఉంటుంది కానీ, ఎవరి బిడ్డో చెప్పే గుణం పోతుంది. డాక్టరు విసుక్కున్నాడు గానీ పొడిగానే కాగితంలో చుట్టి ఇచ్చాడు.

పోల్చడానికి తల్లి నెత్తురు కావాలి. నారాయణమ్మను పిలిపించాం. నర్సు సూది గుచ్చి చిన్న గొట్టం నింపింది.

"ఇంతేనా? ఇంకొంచెం తీసుకోమ్మా, సాలకపోతే మళ్లీ నిన్ను పంపిస్తారేమో" అంది నారాయణమ్మ.

"ఇది చాలక్కా."

"కలిస్తే అది నా కొడుకని గదా?"

"అవునక్కా."

"కలవకపోతే?"

"అది వేరే ఎవరో అని. మీవాడు యాడో ఉన్నట్టు."

ఆమె చెయ్యి మడిచి దూది అదిమి పట్టుకుంది. "అట్లయితే కలవకూడదని దేవుణ్ని మొక్కుకుంటా. జాగ్రత్తగా తీసుకపో."

ధర్మవరంలో రైలెక్కాను. కాళ్ల దగ్గర ఐసు ప్యాకెట్లు పెట్టిన థర్మకోల్ పెట్టెలో తల్లి నెత్తురు, ఒళ్లో కాగితం కట్టలో ఎముక, పళ్లు. ఇరవై ఏళ్లుగా మూటలు మోశాను, ఎప్పుడూ ఫలితం రావాలనే కోరుకున్నాను. ఆ ప్రయాణంలో మాత్రం ఏం కోరుకోవాలో తెలియలేదు. ఎదుటి సీట్లో ఒకామె ఇడ్లీలు తింటూ నాకూ పెట్టబోయింది. "పెట్టెలో ఏముంది, మందులా?" అని అడిగింది. అవునన్నాను. ఆమె పిల్లల గురించి చాలాసేపు చెప్పింది. నేను ఊ కొడుతూ కూర్చున్నాను.

పదిహేను రోజులకోసారి నారాయణమ్మ ఫోన్ చేసేది. "వచ్చిందా?" "రాలేదక్కా." అంతే మాట. పెట్టేసేది. ఐదు నెలలు ఇట్లా నడిచింది. నా ఫోను మోగేది కూడా ఎక్కువగా ఆమె వల్లనే.

రిపోర్టు వచ్చింది. కలిసింది. ఆమెకు చెప్పడానికి స్టేషన్లో ఎవరూ పోలేదు, నేనే పోయాను. వాకిట్లో సెనక్కాయలు వలుస్తూ ఉంది. నన్ను చూసి చేతులు ఆపింది.

"ఫోన్ చేయకుండా వచ్చినావంటే కలిసిందని."

నేను పక్కన కూర్చున్నాను. ఆమె ఏడవలేదు. మళ్లీ వలవడం మొదలుపెట్టింది. నేనూ ఒక చాట తీసుకుని వలిచాను. మధ్యాహ్నం దాకా ఇద్దరం వలుస్తూనే ఉన్నాం.

ఆ రిపోర్టుతో లారీవాళ్ల మాట అబద్ధమని తేలింది. తాగి గొడవపడి కొట్టి, గుంతలో పడేశారు. తర్వాత ఇద్దరికీ శిక్ష పడింది. అంతకు ముందే, కర్మ చేసుకోవడానికి ఎముకలు తల్లికి ఇవ్వొచ్చని కోర్టు చెప్పింది. ఆసుపత్రిలో ఉన్నవి అక్కడి నుంచి ఇప్పించారు. ల్యాబులో మిగిలిన ఎముక ముక్క మాత్రం తేవాలి. దానికోసం నేను మళ్లీ పోయి తెచ్చాను. నా సర్వీసులో ఒక మనిషిని ఇంటికి తిరిగి తెచ్చింది ఆ ఒక్కసారే. ఇంకో రెండు నెలల్లో రిటైరయ్యాను.

కోర్టు కాగితాలు అయినాక పల్లెకు పోయి, తెల్ల గుడ్డలో చుట్టిన ఆ కట్టను నారాయణమ్మ చేతుల్లో పెట్టాను. ఆమె రెండు చేతులతో తీసుకుని బరువు చూసినట్టు ఎత్తింది.

"అంత దూరం నుంచి వస్తివి గదా. దారిలో యాడన్నా కింద పెట్నావామ్మా?"

అబద్ధం చెప్పొచ్చు. చెప్పబుద్ధి కాలేదు.

"కింద పెట్టలేదక్కా. ఒళ్లోనే పెట్టుకున్నా. రైల్లో ఒక్కసారి నీళ్లు తాగేటప్పుడు మాత్రం సీటు మీద పెట్టినా."

"కిటికీ పక్కనా?"

"అవును. కిటికీ పక్కనే."

"అయితే పర్వాలేదులే" అంది. "వానికి కిటికీ పక్కన కూసోవడమంటే ఇష్టం."